వీ మీద మార్వెల్ అల్టిమేట్ అలయన్స్: పిల్లలతో కలిసి ఆడుకోవడానికి కొనొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. రాయగడలో తెలిసినవాళ్లు పాత నింటెండో వీ (Wii), అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్, అమ్ముతూ, దాంతోపాటు మార్వెల్ కామిక్స్ హీరోల గేమ్ మార్వెల్ అల్టిమేట్ అలయన్స్ డిస్క్ కూడా ఇస్తామంటున్నారు. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, సెలవులకి మీ బావమరిది పిల్లలు ఇంకో ఇద్దరు. రిమోట్ ఊపుతూ ఆడే ఈ గేమ్ నిజంగా ఆడుకోదగ్గదేనా, లేక నాలుగు రోజుల ముచ్చటేనా అని మీ అనుమానం.

నలుగురు కలిసి కూర్చునే ఇల్లయితే కొనండి. ఒక్కరే ఆడుకోవాలంటే మాత్రం డబ్బు దండగ. మాది పర్లాకిమిడి. రథయాత్రకీ, సంక్రాంతికీ పాతపట్నం నుంచీ టెక్కలి నుంచీ మేనల్లుళ్లు, మేనకోడళ్లు దిగుతారు. పక్కింటి ఒడియా పిల్లలు ఎలాగూ మా ఇంట్లోనే ఉంటారు. ఆ గుంపుతో ఆడీ ఆడించీ తెలుసుకున్నదే రాస్తున్నాను.

గేమ్ గురించి కొంచెం. 2006లో వచ్చింది. అసలు తయారుచేసింది రేవెన్ సాఫ్ట్‌వేర్, వీకి అనువుగా మార్చింది వికేరియస్ విజన్స్, విడుదల చేసింది యాక్టివిజన్. డాక్టర్ డూమ్ దుష్టులందరినీ కూడగట్టి షీల్డ్ సంస్థ వాళ్ల ఎగిరే ఓడ మీద దాడి చేయడంతో కథ మొదలవుతుంది. కెప్టెన్ అమెరికా, థోర్, స్పైడర్‌మ్యాన్, వుల్వరిన్ అక్కడ దిగుతారు. తర్వాత అట్లాంటిస్, మెఫిస్టో అనే దుష్టుడి లోకం, ఆస్గార్డ్, డూమ్ సొంత దేశం లాట్వేరియా ఇలా సాగుతుంది. ఇరవైమందికి పైగా హీరోలుంటారు, అందులోంచి నలుగుర్ని మీరే ఎంచుకుని జట్టు కట్టాలి. మీ పిల్లలు హల్క్ ఏడీ అని కచ్చితంగా అడుగుతారు. వీలో హల్క్‌గా ఆడటం కుదరదు. ఎక్స్‌బాక్స్ 360 అనే ఇంకో గేమ్ మెషీన్ ఉన్నవాళ్లకి మాత్రం తర్వాత డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. ఈ మాట కొనకముందే చెప్పేయండి, ఏడుపులు తగ్గుతాయి.

ఇక చేతులు ఊపడం. దీని గురించే అందరూ తిడతారు. ‘నేనొకటి చేస్తే అదొకటి చేస్తోంది’ అంటారు. రిమోట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ తిట్లు చాలావరకు తగ్గుతాయి. లోపల యాక్సిలరోమీటర్ అని చిన్న చిప్ ఉంటుంది. మీ చెయ్యి ఎక్కడుందో దానికి తెలియదు. ఎటువైపు, ఎంత విసురుగా కదిలిందో మాత్రమే కొలుస్తుంది. పిల్లవాడు ఉత్సాహంతో భుజం నుంచి చెయ్యి పెద్దగా తిప్పాడనుకోండి, వెళ్లేటప్పుడు ఒక విసురు, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో విసురు. గేమ్‌కి రెండూ సైగలే. అందుకే కుడికి కొట్టమంటే ఎడమకి కొట్టినట్టు కనిపిస్తుంది. ఇంకొంతమంది చెయ్యి నెమ్మదిగా, అందంగా తిప్పుతారు. విసురే లేదు కాబట్టి చిప్‌కి అది కదలికలాగే అనిపించదు.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, మణికట్టుతో ఒక్క విదిలింపు, వెంటనే ఆగడం. జ్వరం చూసే పాత పాదరసం థర్మామీటర్‌ని విదిలిస్తామే, అంతే చాలు. పక్కకి, పైకి, కిందికి, ముందుకి పొడిచినట్టు, లేదా గలగలా ఊపడం, ఈ సైగలన్నిటికీ సూత్రం ఒకటే. ఒక సైగకీ ఇంకో సైగకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ ఇవ్వండి. మా మేనకోడలు ఈ పద్ధతి పట్టాక, కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, చెయ్యి కదిలిందో లేదో తెలియకుండా అందరికన్నా ఎక్కువమందిని పడగొట్టేది. నిలబడి గాల్లో కత్తి తిప్పే మగపిల్లలకి ఆ అమ్మాయిని చూస్తే ఒళ్లు మంట.

ప్రతి దెబ్బకీ చెయ్యి ఊపక్కర్లేదు కూడా. మామూలు దెబ్బలు బటన్‌తో కొట్టొచ్చు. సైగలు బరువైన దెబ్బలకి దాచుకోండి. లేకపోతే గంట తిరిగేసరికి మణికట్టు లాగేస్తుంది. నా వయసువాళ్లకైతే మర్నాడు ఉదయం కూడా తెలుస్తుంది.

అమ్మేవాళ్లు మోషన్ ప్లస్ (చేతి కదలికని ఇంకా కచ్చితంగా పట్టే అదనపు పరికరం) ఉన్న రిమోట్లని చెప్పి ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి. మోషన్ ప్లస్ వచ్చింది 2009లో. 2006 నాటి ఈ గేమ్‌కి దాంతో పని లేదు. అదున్న రిమోట్‌తోనూ ఆడొచ్చు, ఎక్కువ లాభం మాత్రం ఏమీ ఉండదు. బజార్లో దొరికే నకిలీ రిమోట్లు ఇంకో తలనొప్పి. ఊపకపోయినా ఊపినట్టు లెక్కేసేవి చూశాను.

టీవీ దగ్గర పెట్టే ఆ సన్నటి సెన్సర్ బార్ పేరుకే సెన్సర్. దాంట్లో ఉన్నవి రెండు కొసల్లోనూ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, అంతే. చూసే కెమెరా రిమోట్ ముక్కులో ఉంటుంది. తెర మీద గురిపెట్టడానికే అది కావాలి, సైగలకి అక్కర్లేదు. మా హాల్లో టీవీ పక్కనే దేవుడి గూడు. సాయంత్రం మా అమ్మ దీపం పెట్టిందంటే మెనూలో చెయ్యి బొమ్మ ఎటెటో పరుగెడుతుంది, ఎందుకంటే ఆ మంటలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. దీపం ఆర్పమనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి టీవీనే జరిపాం. బార్ పాడైపోయిన వీ దొరికినా బెంగపడకండి, రెండు కొవ్వొత్తులు కాస్త ఎడంగా పెట్టినా పని జరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది రోజూ చేసే పని కాదనుకోండి.

కలిసి ఆడటం దగ్గరే ఈ గేమ్ అసలు మజా, అసలు గొడవ కూడా. నలుగురికీ తెర ఒక్కటే, ముక్కలుగా విడిపోదు. ఒకడు ముందుకి పరిగెత్తి, ఇంకొకడు వెనక డబ్బాలు పగలగొడుతూ ఉండిపోతే ఇద్దరూ తెర అంచులకి అతుక్కుని కదలలేరు. మావాళ్లు ‘ఆగరా బాబూ’ అని, పక్కింటి పిల్లలు ‘రుహ, రుహ’ అని అరుస్తారు, ఎవరూ ఆగరు. ఆటలో బాగా చెయ్యి తిరిగినవాణ్ణి ముందు పెడితే మిగతావాళ్లని ఈడ్చుకుపోతాడు. అందుకని మా ఇంట్లో అందరికన్నా చిన్నవాడే ముందు నడుస్తాడు, పెద్దవాళ్లు వాడి వెనక. వాడు ఎటు వెళితే అటే. ఈ ఒక్క ఏర్పాటుతో సగం తగాదాలు పోయాయి. చిన్నవాడికి గర్వం, పెద్దవాళ్లకి వాణ్ణి కాపాడే పని.

రెండో తగాదా స్పైడర్‌మ్యాన్ ఎవరికి అని. దారిలో అక్కడక్కడా షీల్డ్ కేంద్రాలుంటాయి. ఆట సేవ్ చేసుకునేదీ, జట్టు మార్చుకునేదీ అక్కడే. కేంద్రం వచ్చినప్పుడల్లా హీరోలు చేతులు మారాలి అని మొదటిరోజే చెప్పేయండి. మీ చిన్నవాడికి తొమ్మిదేళ్లన్నారు కదా, వాడికి ముందు కెప్టెన్ అమెరికానో, థింగ్‌నో ఇవ్వండి. దగ్గరికెళ్లి కొట్టడమే పని, గందరగోళం తక్కువ. గాల్లో ఎగిరే ఐరన్‌మ్యాన్, స్టార్మ్ పెద్ద పిల్లకి. కామిక్స్‌లో ఒకే బృందంలో ఉన్న హీరోల్ని కలిపి తీసుకుంటే జట్టుకి అదనపు బలం వస్తుంది. ఫెంటాస్టిక్ ఫోర్ నలుగుర్నీ ఓసారి కలిపి చూడండి. ఎవరైనా హోంవర్క్‌కో భోజనానికో లేచినా ఆట ఆగదు, ఆ హీరోని మెషీనే నడిపిస్తుంది. అయితే అది నడిపేది అంతంతమాత్రం. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నేనొక్కణ్ణే ఆడితే పది నిమిషాల్లో ఆవలింతలు.

మెఫిస్టో లోకంలో ఒకచోట అక్కడ చిక్కుకున్న ఇద్దరు హీరోల్లో జీన్ గ్రేని కాపాడాలా, నైట్‌క్రాలర్‌నా అని ఎంచుకోమంటుంది. ఇద్దరినీ కాపాడటం కుదరదు. ఎవర్ని వదిలేశామో దాని ఫలితం చివర్లో చూపిస్తుంది. అదేమిటో చెప్పను గానీ, అక్కడ రిమోట్లు కింద పెట్టి మాట్లాడుకోనివ్వండి. మా వాళ్లు దాని మీద అన్నం ముందు కూర్చుని కూడా వాదించుకున్నారు. మా బావగారు, ఆటలంటే అస్సలు పడని మనిషి, ఆయన కూడా ఓ పక్షం తీసుకున్నారు. ఆ లోకం కాస్త భయంకరంగానే ఉంటుంది. అమెరికా రేటింగ్ ప్రకారం గేమ్ పదమూడేళ్లు దాటినవాళ్లకి. తొమ్మిదేళ్లవాడు పక్కన పెద్దవాళ్లు ఉంటే ఆడొచ్చని నా అభిప్రాయం. మీ పిల్లవాడి సంగతి మీకే బాగా తెలుసు.

డబ్బు ఇచ్చేముందు అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది పవర్ అడాప్టర్. మన వైపు దొరికే వీ మెషీన్లు చాలావరకు ఎవరో విదేశాల నుంచి తెచ్చినవే. అమెరికా అడాప్టర్ 120 వోల్టులకి చేసింది. దాన్ని పిన్ మార్చి మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. వెనక అక్షరాలు చదవండి. 120 అని ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా 220–240 రాసి ఉన్న యూరప్ అడాప్టర్ తెచ్చుకోవాలి. బయటికిచ్చేది రెండిట్లోనూ 12 వోల్టులే, 3.7 ఆంపియర్లు. డిస్క్, మెషీన్ రెండూ ఒకే ప్రాంతానివి కావాలి, అమెరికా వీలో యూరప్ డిస్క్ ఆడదు. వీకి హెచ్‌డీఎంఐ సాకెట్ లేదు, బొమ్మ స్పష్టత 480పి (480 గీతలు) దాటదు. మీ కొత్త టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు సాకెట్లు లేకపోతే చిన్న కన్వర్టర్ కొనాలి. పెద్ద తెర మీద బొమ్మ మసకగానే ఉంటుంది. పిల్లలు పట్టించుకోరు, మీరు పట్టించుకుంటారు.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే షీల్డ్ కేంద్రం కనపడగానే సేవ్ చేసేయండి. వీ, టీవీ రెండూ ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే ఇంకా మంచిది.

మణికట్టు పట్టీలు వదులుగా ఉంటే మార్చండి. వీ వచ్చిన కొత్తలోనే రిమోట్లు చేతుల్లోంచి జారి టీవీలకి తగులుతున్నాయని 2006 డిసెంబర్‌లో నింటెండో పాత పట్టీలకి బదులు మందపాటివి ఇచ్చింది, తర్వాతి ఏడాది రబ్బరు తొడుగులు కూడా ఇచ్చింది. ఆ తొడుగులున్న రిమోట్లయితే మేలు. తిరిగే ఫ్యాన్ కింద ఎవర్నీ నిలబెట్టకండి.

దీనికి బదులు నింటెండో వాళ్లదే తర్వాత వచ్చిన స్విచ్ అనే మెషీన్ కొని ఈ గేమ్ మూడో భాగం ఆడొచ్చా అని కూడా అడిగారు. ఆడొచ్చు. 2019లో టీమ్ నింజా చేసింది, నలుగురూ ఒకే ఇంట్లోనూ ఆడొచ్చు, ఆన్‌లైన్‌లోనూ ఆడొచ్చు. వీలో ఆన్‌లైన్ లేదు. మీ బావమరిది పిల్లలకీ స్విచ్ ఉండి, సెలవులు అయ్యాక కూడా కలిసి ఆడాలంటే అదే సరైనది. అయితే అది బటన్లతో ఆడే గేమ్, చేతులు ఊపే సరదా ఉండదు, ఖర్చు కూడా చాలా ఎక్కువ. మొదటి రెండు భాగాల్నీ 2016లో కొత్త మెషీన్లకి మళ్లీ తెచ్చారు గానీ 2018లో అమ్మకం ఆపేశారు. కాబట్టి మొదటి భాగం కావాలంటే పాత డిస్కే గతి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఎనిమిది ఏఏ బ్యాటరీలు మీరే పట్టుకెళ్లండి, రిమోట్‌కి రెండు చొప్పున. బ్యాటరీ మూతలు తీసి తుప్పు ఉందేమో చూడండి. నాలుగు రిమోట్లూ ఒకేసారి కలిపి, నన్‌చక్‌లు (రిమోట్‌కి వైరుతో తగిలించి రెండో చేత్తో పట్టుకునే పిడి) తగిలించి, ఆ డిస్కే వేసి మొదటి ఓడ అంకం కాసేపు ఆడండి. రిమోట్ బల్ల మీద కదలకుండా పెట్టినా హీరో తనంతట తానే కొడుతుంటే ఆ రిమోట్ డబ్బు తగ్గించమని అడగండి. రిమోట్లు నాలుగూ ఉండి నన్‌చక్‌లు రెండే ఉంటే, మిగతా రెండూ దొరికేదాకా బేరం ముగించకండి.