పచ్చ పురుగు, గోధుమ రంగు పురుగు ఒకటేనా? రంగు చూసి తేల్చొద్దు

ఉరవకొండ వైపు నల్లరేగడి శనగలో పచ్చ పురుగు, గోధుమ రంగు పురుగు దొరికాయి, రెండూ ఒకే జాతా అని అడిగారు కదా అన్నా. ఆ రెండూ చాలావరకు ఒకే జాతి, శనగపచ్చ పురుగు. పేరులో పచ్చ ఉన్నా అది గోధుమ, గులాబీ, నల్లటి రంగుల్లో కూడా వస్తుంది.

కాకపోతే శనగలో లద్దె పురుగు అనే వేరే జాతి కూడా ఉంటుంది, అందుకే ఇలా తేల్చుకోండి:

1. 10 రెట్ల లెన్స్‌తో వీపు చూడండి. సన్నటి ముళ్లతో గరుకుగా ఉంటే శనగపచ్చ. లద్దె పురుగు నున్నగా ఉంటుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: రెక్కల పురుగు అయ్యేదాకా పెంచాలి. ఒక్కోదానికి ఒక్కో డబ్బా, అడుగున 2 అంగుళాల తేమ మట్టి, రోజూ తాజా కొమ్మ. కలిపి వేయొద్దు, ఒకదాన్నొకటి తినేస్తాయి. నేను ఐదు కలిపి వేస్తే తెల్లారేసరికి రెండే మిగిలాయి. మట్టిలోకి దిగి ప్యూపా (రెక్కల పురుగు అయ్యే ముందు కదలకుండా ఉండే దశ) అయ్యాక దాదాపు 2 వారాలు ఓపిక పట్టండి, తవ్వి చూడొద్దు.

3. అప్పుడు కూడా రంగుతో పొరపడొద్దు, మగది ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, ఆడది ఇటుక గోధుమ. వెనక రెక్క విప్పండి: అంచున వెడల్పాటి నల్లటి పట్టీ మీరు పెంచిన రెండు పురుగులకూ ఉంటే రెండూ శనగపచ్చే. లద్దెకు ఆ రెక్క తెల్లగా ఉంటుంది.