ఇంత ఎండ ఉండగా మొక్కలకి ప్లాస్టిక్ ఇల్లెందుకు?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఊరు, నేను ఏడో క్లాసు. మా పక్క చేలో పాలీహౌస్ వేశారు. గ్రీన్‌హౌస్ అంటే చలి దేశాల్లో మొక్కల్ని వెచ్చగా ఉంచేది అని చదివాను. మే నెలలో మన దగ్గర మనుషులే బయటకి రాలేరు కదా, మొక్కలకి ఇంకా వేడి దేనికి?

జవాబు: పెద్దవాళ్ళు కూడా అడగాల్సిన ప్రశ్న ఇది తల్లీ. ముందు లోపల వేడి ఎలా చేరుతుందో చూసి ఆ తర్వాత మీ పక్క చేలోకి వెళ్దాం. అద్దాలన్నీ మూసి ఎండలో ఆపిన కారు ఎక్కితే ఒక్కసారి సెగ కొడుతుంది కదా, ఇదీ అంతే. వెలుతురు అద్దంలోంచో పాలిథిన్‌లోంచో లోపలికొస్తుంది, మట్టీ ఆకులూ దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి, వాటిని ఆనుకున్న గాలీ వేడెక్కుతుంది. బయటైతే ఆ వేడిగాలి తేలికై పైకి పోయి ఆ చోట్లోకి చల్లగాలి వస్తుంది, లోపలేమో పైన కప్పు ఉంది కాబట్టి ఎటూ పోలేక అక్కడక్కడే తిరుగుతూ ఇంకా ఇంకా వేడెక్కుతుంది.

చాలాచోట్ల "అద్దం వేడి కిరణాల్ని బయటకి పోనివ్వదు, అందుకే వేడి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది కొంతవరకే నిజం. 1909లో అమెరికాలో ఆర్.డబ్ల్యు. వుడ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు మూత, ఇంకోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రాతి ఉప్పులోంచి వేడి కిరణాలు ఈజీగా బయటకి వెళ్ళిపోతాయి, అయినా సరే రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా వేడెక్కాయి! అంటే అసలు పని గాలిని ఆపడంలోనే ఉంది. ఇది గుర్తుపెట్టుకో, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

గాలిని ఎంతసేపు ఆపాలో ఎప్పుడు వదలాలో మన చేతిలో ఉంటే అదే ఇల్లు చలిలోనూ పనికొస్తుంది, ఎండలోనూ పనికొస్తుంది. లద్దాఖ్‌లో లేహ్ ఊరు దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం రాత్రుళ్ళు మైనస్ 20 దాకా పడిపోతుంది, మంచుకి దారులు మూసుకుపోతే కూరగాయలు దొరకడమే కష్టం. అక్కడివాళ్ళు దక్షిణం వైపు మాత్రం పాలిథిన్ కప్పి మిగతా వైపులు మందపాటి మట్టి ఇటుకల గోడలు కడతారు, పగలంతా ఆ గోడలు ఎండ తాగి రాత్రి మెల్లగా వేడి వదుల్తాయి, హీటర్ లేకుండానే పాలకూర పెరుగుతుంది. నాకైతే గ్రీన్‌హౌస్‌లన్నిట్లోకీ ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీ పక్క చేను. అక్కడ చేసేది సరిగ్గా దీనికి ఉల్టా. ఈసారి వెళ్ళినప్పుడు కప్పు పైభాగం చూడు, పొడవునా తెరిచిన సందు ఉంటుంది, వేడిగాలి అందులోంచి పోతుంది, పక్కల పరదాలు పొద్దున్నే హ్యాండిల్ తిప్పి చుట్టేస్తారు. లోపల షేడ్ నెట్ లాగుతారు, ఎండ మరీ ముదిరితే ఫాగర్లు ఆన్ చేస్తారు, సన్నటి నీటి తుంపర ఆవిరవుతూ గాలిలో వేడిని తీసుకుంటుంది. ఇవేవీ లేకపోతే బయటకన్నా లోపలే ఎక్కువ ఉడికిపోతుంది. క్యాప్సికమ్‌కి 35 డిగ్రీలు దాటితే పూత రాలడం మొదలవుతుంది, రైతు బాధంతా అదే.

మరి ఇంత తిప్పలు ఎందుకంటే, మన దగ్గర మొక్కకి వేడి కన్నా పెద్ద శత్రువులు ఉన్నాయి. వడగళ్ళు, పూత మీద కొట్టే వాన, తెల్లదోమ, తామర పురుగులు. గమనించావో లేదో, పాలీహౌస్‌కి రెండు తలుపులుంటాయి, మొదటిది మూసాకే రెండోది తియ్యాలి, ఒంటికి అంటుకుని వచ్చే తెల్లదోమ ఆ మధ్య గదిలోనే ఆగిపోవాలని. పక్కల కట్టిన సన్నటి వలా అందుకే, లోపల వేలాడే పసుపు రంగు జిగురు అట్టలూ అందుకే. పురుగు తగ్గితే మందు కొట్టేదీ తగ్గుతుంది. కాకపోతే పాలీహౌస్ ఖర్చు బాగా ఎక్కువ, కప్పు షీటు కొన్నేళ్ళకి మార్చాలి, చిన్న రైతు నారు పెంచుకోడానికైతే మామూలు షేడ్ నెట్ చాలని నా అభిప్రాయం.

ప్రశ్న: గ్రీన్‌హౌస్ మంచిదంటారు, గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ చెడ్డదంటారు. ఏది నిజం? (ఎనిమిదో క్లాసు, వరంగల్)

జవాబు: భూమికి కప్పు లేదు బాబూ, గాలిని ఎవరూ ఆపట్లేదు. భూమి వదిలే వేడి కిరణాల్ని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటివి పట్టుకుని కొంత మళ్ళీ కిందకి పంపుతాయి. అది అసలు లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 దగ్గర ఉండేది, ఇప్పుడు 15 దగ్గర ఉంది, మనం బతుకుతున్నామంటే దానివల్లే. చెడ్డదల్లా అది పెరగడం. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకి 280 పాళ్ళు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది, బొగ్గూ పెట్రోలూ కాల్చడం వల్లే ఎక్కువగా.

ప్రశ్న: పాలీహౌస్‌లోకి తేనెటీగలు రాలేవు కదా, కాయలెలా కాస్తాయి? (ఆరో క్లాసు, ఖమ్మం)

జవాబు: పంటని బట్టి రా కన్నా. జెర్బెరా అయితే పువ్వే కోసి అమ్ముతారు, కాయతో పనే లేదు. లోపల వేసే కీరదోస రకాలు పుప్పొడి పడకుండానే గింజ లేని కాయలు కాస్తాయి. క్యాప్సికమ్, టమాటాలకి ఒకే పువ్వులో ఆడా మగా రెండు భాగాలూ ఉంటాయి, కాస్త కదిలితే చాలు పుప్పొడి రాలుతుంది. బయట గాలి ఆ పని చేస్తుంది, లోపల గాలి తక్కువ కాబట్టి మొక్కలు కట్టిన తీగల్ని మనుషులు తట్టి కదిలిస్తారు. నెదర్లాండ్స్‌లో టమాటా గ్రీన్‌హౌస్‌లలో అట్టపెట్టెల్లో బంబుల్‌బీలనే బొద్దు తుమ్మెదల్ని తెచ్చి పెడతారు, అవి పువ్వుని పట్టుకుని ఒళ్ళంతా వణికిస్తే పుప్పొడి జలజలా రాలుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. మన దగ్గర కూడా పొట్టమీద నీలం చారలుండే అడవి తేనెటీగ ఒకటి ఇలాగే చేస్తుంది, పొద్దున పూట టమాటా చేలోనో వంగ తోటలోనో కాసేపు నిలబడితే పువ్వు మీద వాలగానే దాని గుయ్ మనే చప్పుడు మారిపోవడం నీకే వినిపిస్తుంది.