వానపడి బురదైన మైదానంలో లాక్రాస్ మ్యాచ్: ఏం మారుతుంది?

అమెరికాలో కాలేజీ లాక్రాస్ (చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట) క్లబ్ జట్టులో ఈ ఏడాదే చేరానని, మొదటి మ్యాచ్ గడ్డి మైదానంలోనని, ఆ రోజు వాన పడేలా ఉందని మీరు టెన్షన్ పడుతూ అడిగారు. నేను న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు దగ్గర్లో చదువుకున్నాను. మూడేళ్లు క్లబ్ జట్టులో డిఫెన్స్ ఆడాను. అందులో ఒక ఏప్రిల్ మ్యాచ్ సంగతి చెబుతాను. వానలో ఆట గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క రోజు నేర్చుకున్నదే.

అక్కడ ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది. ముందు రెండు రోజులు పడిన మంచు కరిగింది, మ్యాచ్ రోజు పొద్దున్నుంచి సన్నటి వాన. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) గ్రౌండ్ ఇంకో జట్టుకి ఇచ్చేశారు, మాకు పాత గడ్డి మైదానం మిగిలింది. మైదానం మధ్యలో, రెండు గోల్స్ ముందు గడ్డి ఎప్పుడో అరిగిపోయి ఉంది. వాన పడేసరికి ఆ మూడు చోట్లా చీలమండ దాకా బురద. ఆట ఎక్కువగా సాగేదీ ఆ మూడు చోట్లే.

మొదటి దెబ్బ ఫేస్-ఆఫ్‌లో తగిలింది. ప్రతి క్వార్టర్ మొదట్లో, ప్రతి గోల్ తర్వాత ఇద్దరు ఆటగాళ్లు మధ్యలో వంగి, నేల మీద పెట్టిన బంతి కోసం పోటీ పడతారు కదా. మా వాడు బంతి మీద స్టిక్ తలను గట్టిగా అదిమి పట్టడంలో దిట్ట. ఆ రోజు అతను అదిమిన ప్రతిసారీ బంతి బురదలో కూరుకుపోయింది. అవతలి వాడు అదమకుండా పక్కకు గీరి లాగేస్తున్నాడు. సగం ఆట అయ్యేసరికి 3-1తో వెనకబడ్డాం. మామూలుగా మ్యాచ్‌కి పదికి పైగా గోల్స్ కొట్టే జట్టు మాది. ఒక్క గోల్ చూసుకుని బెంచీ మీద ఎవరికీ నోట మాట రాలేదు.

రెండో ఇబ్బంది స్టిక్‌తో. మెష్ (స్టిక్ తలకు కట్టిన వల) తడిస్తే సాగుతుంది, పాకెట్ (అందులో బంతి కూర్చునే గుంట) లోతవుతుంది. అప్పుడు బంతి ఆలస్యంగా వదులుతుంది, ఛాతీ ఎత్తున వెళ్లాల్సిన పాస్ మోకాళ్ల దగ్గరికి పోతుంది. దానికి తోడు పాకెట్‌లో బురద పేరుకుంటుంది. మేం వేసిన పొడుగు పాస్‌లు సగానికి సగం నేలపాలయ్యాయి. విరామంలో కోచ్ ఒక్కటే చెప్పాడు: పది గజాలు దాటి ఎవరూ పాస్ వేయొద్దు, బంతి పట్టుకుని పరిగెత్తండి. దాంతోనే ఆట మారింది.

పరిగెత్తడం గురించి నాది ఒక మాట. మాది గోదావరి డెల్టా. దమ్ము చేసిన మడిలో నడిచిన వాళ్లకు ఈ సంగతి కాళ్లకే తెలుసు: పెద్ద అంగ వేస్తే ముందు కాలు జారుతుంది, వెనక కాలు దిగబడుతుంది. మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులు వేస్తూ పాదం మొత్తం ఆనించాలి. డిఫెన్స్‌లో ఇది ఇంకా ముఖ్యం. బురదలో ఎదుటివాడి మీదికి దూకితే మళ్లీ నిలదొక్కుకునేలోపు వాడు మనల్ని దాటేస్తాడు. అందుకే ఆ రోజు స్టిక్‌తో కొట్టడం బాగా తగ్గించి, వాడికీ గోల్‌కీ మధ్య నిలబడటం మీదే దృష్టి పెట్టాను.

మా గోలీ (గోల్ కీపర్) కూడా ఒక విషయం కనిపెట్టాడు. తడి గడ్డి మీద పడ్డ షాట్ పైకి లేవకుండా జారుకుంటూ దూసుకొస్తుంది. అదే బురదలో పడితే అక్కడే చచ్చిపోతుంది. మొదటి రెండు గోల్స్ అలా జారి వచ్చినవే. ఆ తర్వాత అతను స్టిక్‌ని నేలకు దగ్గరగా దించి నిలబడ్డాడు, నాలుగు క్వార్టర్లు ముగిసేసరికి ఇంకో రెండే వదిలాడు.

అన్నిటికంటే ముఖ్యమైంది గ్రౌండ్ బాల్, అంటే ఎవరి చేతిలోనూ లేకుండా నేల మీద పడున్న బంతిని ఎత్తుకోవడం. మా జట్టులో సెనెకా అనే అమెరికా ఆదివాసీ జాతి కుర్రాడు ఒకడు ఉండేవాడు. లాక్రాస్ వాళ్ల ఆట. సెనెకాలతో కలిపి ఆరు జాతులున్న హోడెనొషోనీ ప్రజలు దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా భావిస్తారు, జబ్బుపడిన వాళ్లు కోలుకోవాలని కూడా ఆడతారు. అతను బంతి దగ్గరికి వచ్చేసరికి వెనక చెయ్యి దాదాపు నేలకు తాకేంతగా వంగేవాడు. బంతికి కాస్త ముందే స్టిక్ దించి, ఆగకుండా దాని కిందుగా తోసుకుంటూ పోయేవాడు. బురదలో ఆగి ఏరుకుందామంటే బంతి ఇంకా లోపలికి దిగుతుంది. మూడో క్వార్టర్లో అతను వరసగా నాలుగైదు బంతులు అలా లేపాడు. 3-3 అయింది, చివర్లో 4-4తో ఓవర్‌టైమ్‌కి వెళ్లింది.

ఓవర్‌టైమ్‌లో ముందు ఎవరు గోల్ కొడితే వాళ్లదే గెలుపు. మా గోల్ పక్కన బంతి వదులుగా పడింది, నేనే దగ్గరున్నాను. చేతులు చల్లబడి మొద్దుబారాయి. వంగకుండా ఒంటిచేత్తో స్టిక్ చాచాను. బంతి జారింది, వాళ్ల అటాకర్ అందుకుని కొట్టేశాడు. 5-4. ఆ బంతి దగ్గర నేను రెండు చేతులూ వాడి ఉండాల్సింది. ఇన్నేళ్లయినా అది నాకు బాధగానే ఉంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు చేసుకోవాల్సిన ఏర్పాట్లు కొన్నే. రెండో స్టిక్ ఉంటే పొడిగా కవర్లో చుట్టి పక్కన పెట్టుకోండి, సగం ఆట తర్వాత మార్చండి. పిడికి కొత్త టేప్ చుట్టండి. గ్లవ్స్ ఇంకో జత దొరికితే అడిగి తెచ్చుకోండి. వాన కంటే మెరుపుకి భయపడాలి: అది కనిపిస్తే ఆట ఆపేస్తారు, చివరి మెరుపు తర్వాత కనీసం అరగంట ఆగాలి. అంతసేపూ తడిబట్టల్లో కూర్చోకుండా పొడి చొక్కా ఒకటి సంచిలో ఉంచుకోండి.

ఈ వారం ప్రాక్టీసులో ఒక బకెట్ నీళ్లు తీసుకెళ్లి మెష్ తడిపి పాస్‌లు వేసి చూడండి. బంతి ఎంత కిందికి పోతోందో ముందే తెలిస్తే, మ్యాచ్‌లో చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది.