80 లక్షల ఫ్లాటు: శ్రావణికి పెదనాన్న రాసేది

అమ్మా శ్రావణీ,

హైదరాబాద్ శివారులో తెల్లాపూర్ వైపు ఫ్లాటు చూశావని, మాంద్యం వస్తే ధర పడుతుందేమో, ఆగాలా కొనాలా అని తేల్చుకోలేకపోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో సొంత సంపాదనతో ఇల్లు కొంటున్న మొదటి ఆడపిల్లవి. ఎంత సంతోషమేసిందో! అది ప్రీ లాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మేది అని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు నువ్వడిగినదానికి జవాబు. హైదరాబాద్‌లో గడ్డురోజులొస్తే రేటు పడినట్టు బయటికి కనిపించదు, కదలకుండా కూర్చుంటుంది. బిల్డరు బాహాటంగా తగ్గిస్తే ముందు కొన్నవాళ్లంతా ఆఫీసు మీదికొస్తారు. అందుకే రేటు అలాగే ఉంచి కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్ డబ్బులు వదిలేస్తాడు. అసలు ధర తెలియాలంటే పక్క కమ్యూనిటీలో రీసేల్ ఫ్లాట్లు అడుగు. ఈ 80 లక్షల ఫ్లాటు ఐదేళ్లు 80 దగ్గరే ఆగిందనుకో, ఏటా 6 శాతం ధరలు పెరిగితే నేటి లెక్కలో దాని విలువ 60 లక్షలే. శివార్లలో, సగం కట్టినవాటిలో ఈ దెబ్బ ముందు తగులుతుంది.

నా భయం వేరు. నీ జీతం, ఆ ఫ్లాటు ధర, రెండూ ఐటీ మీదే నిలబడ్డాయి. నీకు అమ్మక తప్పని రోజునే కొనేవాడు దొరకడు.

2008 సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ మునిగింది, 2009 జనవరి 7న మన సత్యం ఐటీ కంపెనీ లెక్కలు తప్పని ఒప్పుకున్న రామలింగరాజు ఉత్తరం బయటపడింది. అంతకుముందు చాలామంది చేసిన తప్పు ఒక్కటే. చదరపు అడుగుకు రెండు మూడొందలు కలిసొస్తాయని పునాది కూడా పడని ఫ్లాట్లు బుక్ చేశారు. కొందరు బిల్డర్లు ఆ డబ్బు తీసుకెళ్లి ఇంకోచోట స్థలాల మీద పెట్టారు. బుకింగులు వస్తున్నంతకాలం స్లాబులు లేచాయి. బుకింగులు ఆగగానే పనీ ఆగింది, స్తంభాల పైన చువ్వలు తుప్పు పట్టాయి.

అలా కొన్నవాడి అవస్థ ఒక ఉదాహరణ లెక్కలో చూడు. బ్యాంకు అప్పటికే 40 లక్షలు బిల్డరుకిచ్చేసింది. వడ్డీ 8.5 శాతం అనుకుంటే నెలకు 28,333 రూపాయలు ప్రీ ఈఎంఐ, అంటే ఇల్లు చేతికొచ్చేదాకా కట్టే వడ్డీ; అసలులో రూపాయి తగ్గదు. పైన 22 వేలు అద్దె. మూడేళ్లు పని ఆగితే వడ్డీకే 10 లక్షల 20 వేలు. వడ్డీ కట్టడం మానేస్తే అప్పులకు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు చెడుతుంది. అమ్ముదామంటే సగం కట్టినదాన్ని ఎవరు కొంటారు?

బిల్డర్లను అదుపు చేసే 2016 రెరా చట్టం ఇలాంటివాటికి అడ్డుకట్టే. కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటుకు ముందు 10 శాతం మించి తీసుకోకూడదు. రెరా నంబరు లేకుండా అసలు బుకింగే తీసుకోకూడదు. మరి మొత్తం ఒకేసారి కడితే తక్కువకిస్తామని నీ బిల్డరంటే ఎలా నమ్మావే? యూడీఎస్ రిజిస్టర్ చేస్తారట! అది నేలలో వాటా తల్లీ, ఫ్లాటు కాదు. పర్మిషన్ రాకపోతే వందమందితో కలిసి నీకు మిగిలేది కొన్ని గజాలు.

ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం వచ్చిన ఫ్లాటు చూడు. జీఎస్టీ 5 శాతం, అంటే 4 లక్షలు ఉండదు. 60 లక్షల అప్పు పోను చేతి డబ్బు 20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున ఇంకో 6 లక్షలు. ఇరవయ్యేళ్లకు ఈఎంఐ 52 వేలు, వడ్డీ ఒక్క శాతం పెరిగితే 56 వేలు. నీ ఒక్కదాని జీతం మీదే లెక్క వేసుకో. ఏడాది ఈఎంఐ, ఆరుంపావు లక్షలు, ఎఫ్‌డీలో విడిగా ఉండాలి. అది లేకపోతే ఇంకో ఏడాది అద్దెకే ఉండు. అద్దె దండగని ఎవరన్నా అననీ. నెలకు 22 వేల లెక్కన 80 లక్షల ఇంటికి ఏడాది అద్దె ధరలో 3.3 శాతమే, మనం వేసుకున్న బ్యాంకు వడ్డీ 8.5.

ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఓసీ వాట్సాప్‌లో పంపు. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ మ్యాపు కూడా, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపేది. నేను చూసేదాకా టోకెన్ అడ్వాన్సు పది వేలు కూడా ఇవ్వకు.

పెదనాన్న