ఆర్‌ఈ వాలా, ఆర్‌సీసీ గోడా? ముందు వెనకాల నింపే మట్టి సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. స్థలం వెనకవైపు పల్లంగా ఉంది, అంచున నాలుగు మీటర్ల ఎత్తు గోడ కట్టి లోపల మట్టి నింపి చదును చేసుకోవాలి. ఫ్లైఓవర్ల పక్కన కనిపించే ప్యానెళ్ల గోడ, అంటే ఎంఎస్‌ఈ వాల్ (మెకానికల్లీ స్టెబిలైజ్డ్ ఎర్త్), ఆర్‌సీసీ గోడ కంటే చవక అని ఎవరో చెప్పారు. అది వేయించుకోవచ్చా?

చవకన్న మాట పెద్ద పనుల్లో నిజమే, మీ పనికి మాత్రం నేనైతే వద్దంటాను. ఈ గోడల పనుల్లో (సైట్లో మేం ఆర్‌ఈ వాల్, అంటే రీఇన్‌ఫోర్స్డ్ ఎర్త్ వాల్ అనేవాళ్లం) కొన్నేళ్లు సైట్ ఇంజనీరుగా చేశాను, ఒకసారి చేతులు కాల్చుకున్నాను కూడా.

చాలామంది ఆ కాంక్రీటు ప్యానెళ్లే మట్టిని ఆపుతున్నాయనుకుంటారు. వాటి మందం జానెడు కూడా ఉండదు, నాలుగు మీటర్ల మట్టిని అవేం ఆపుతాయి! వెనకాల ప్రతి రెండు మూడు పొరల మట్టికీ ఒక వరస చొప్పున స్టీలు పట్టీలో, జియోగ్రిడ్డో (గట్టి ప్లాస్టిక్ వల) పరుస్తారు. పైనున్న మట్టి బరువుకు అవి కదలకుండా బిగుసుకుంటాయి, ఆ పట్టీలూ మట్టీ కలిసి ఒకే దిమ్మలా తయారవుతాయి. అసలు గోడ ఆ దిమ్మే, ప్యానెల్ అనేది దిమ్మ ముందు అంచు మట్టి రాలిపోకుండా పెట్టిన తలుపు. 1960ల్లో ఆన్రీ విదాల్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు ఈ పద్ధతి తెచ్చాడు, ఇసుకలో పైన్ ఆకులు కలిస్తే కుప్ప జారకుండా నిలబడటం చూసి ఆలోచన వచ్చిందని చెబుతారు.

మీకు చిక్కు వచ్చేది ఇక్కడే. ఆ పట్టీల పొడవు మామూలుగా గోడ ఎత్తులో 0.7 వంతుకు తక్కువ కాకుండా ఉండాలి, అంటే మీకు దాదాపు 2.8 మీటర్లు, పైన ఇంటి బరువు కూడా పడితే ఇంకా ఎక్కువ. అంచు నుంచి ఆ మేర సెప్టిక్ ట్యాంకు తవ్వకూడదు, పిల్లర్ గుంతలు తీయకూడదు, పైపుల కోసం కాలువ కూడా కొట్టకూడదు. రోడ్డు కింద ఎవరూ తవ్వరు కాబట్టి అక్కడ నడుస్తుంది, ఇంటి స్థలంలో మీరు తవ్వకపోయినా పదేళ్ల తర్వాత వచ్చే ప్లంబర్ తవ్వుతాడు, తెగింది జియోగ్రిడ్ అని అతనికి తెలియను కూడా తెలియదు. ఆర్‌సీసీ కాంటిలీవర్ గోడకీ (అడుగున వెడల్పు పలక, దాని మీద నిలువు గోడ, రెండూ ఒకటిగా పోసేది) అడుగున ఎత్తులో సగం నుంచి 0.7 వంతు దాకా వెడల్పు ఫుటింగ్ కావాలి, కానీ అది అట్టడుగున ఉంటుంది కాబట్టి పైపై తవ్వకాలకు దొరకదు.

ఇక నా కథ. ఒక ఫ్లైఓవర్ ఎక్కే దారి (అప్రోచ్) గోడకు ఆరు మీటర్ల ఎత్తు వరకు ప్యానెళ్లు నిలబెట్టాం. వానాకాలం దగ్గరపడుతోంది, మంచి గ్రావెల్ రావడం ఆలస్యమైంది, దాంతో కాంట్రాక్టరు తెచ్చిన కాస్త బంకగా ఉన్న ఎర్రమట్టిని కొన్ని రోజులు దింపనిచ్చాను. నింపే మట్టిలో సన్నని మెత్తటి పొడి 15 శాతం దాటకూడదని నాకు తెలుసు, టెస్టు రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు, తప్పు నాదే. మొదటి పెద్ద వాన తర్వాత పొద్దున్నే వెళ్లి చూస్తే మూడో వరస ప్యానెళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. పైనుంచి గుండు దారం వేలాడదీస్తే మధ్యలో ప్యానెల్‌కి ఆనుకుంటోంది, అక్కడ గోడ కడుపు ఉబ్బినట్టు బయటికి వచ్చేసింది, అంతకుముందు పెన్ను దూరని సందులో ఇప్పుడు బొటనవేలు పడుతోంది. పైనుంచి మట్టి తీస్తూ ఆ వరస దాకా దిగితే ప్యానెల్‌కి తగిలించిన చోట పట్టీలు కిందికి వంగి ఉన్నాయి, ఎందుకంటే ప్యానెల్ వెనక మీటరు మేర మట్టి సరిగా దిమ్మిస కాలేదు, తడవగానే కుంగి పట్టీలను తనతో లాక్కుపోయింది. ప్యానెల్ దగ్గరికి పెద్ద రోలర్ తీసుకెళ్తే గోడను బయటికి తోసేస్తుంది, అందుకే ఆ మీటరులో చేత్తో నడిపే చిన్న కాంపాక్టరే వాడాలి, పొరలు పలచగా వేయాలి, ఆ ఓపిక సాయంత్రం షిఫ్టులో ఎవరికీ ఉండదు. మూడు వరసలు విప్పి మళ్లీ కట్టాం.

ఏ గోడైనా సరే, నీళ్లు నిలిస్తే ఏమవుతుందో మీ నాలుగు మీటర్లకే లెక్క వేసి చూడండి. మామూలు ఇసుక మట్టి పొడిగా ఉంటే గోడ పొడవు మీటరుకు సుమారు 5 టన్నుల తోపు. అదే మట్టి పైదాకా నీళ్లతో నిండితే తోపు 10 టన్నులు దాటుతుంది. డ్రాయింగ్‌లో 5 టన్నులకు డిజైన్ చేసి, సైట్లో వీప్ హోల్స్ (నీళ్లు బయటికి పోవడానికి గోడలో వదిలే రంధ్రాలు) సిమెంటు పాలతో పూడిపోతే అడిగేదెవరు? గోడకు ఆనించి కంకర పొర, దానికీ మట్టికీ మధ్య ఫిల్టర్ బట్ట, అడుగున చిల్లుల పైపు, ఆ పైపు నీళ్లు పోవడానికి నిజంగా ఒక దారి, ఇవన్నీ ఉండాలి. ఈ కంకర పొరనే జనం మొదట ఎగ్గొడతారు.

మిగతా రకాలు: రాతి గోడ రెండు మీటర్ల దాకా హాయిగా ఉంటుంది, నాలుగుకి అడుగు వెడల్పు చాలా తినేస్తుంది. వైరు బుట్టల్లో రాళ్లు నింపే గేబియన్ నీళ్లను పట్టి ఉంచదు, కాస్త కుంగినా పగలదు, చోటుంటే మీకు అదీ మంచిదే. కొండను నిలువుగా కోసిన చోటైతే సాయిల్ నెయిలింగ్ (ఉన్న మట్టిలోకే ఇనుప కడ్డీలు దించి పట్టి ఉంచడం), అది పైనుంచి కిందికి చేసుకుంటూ వస్తారు, మీలా మట్టి నింపే చోటికి పనికిరాదు.

నా మాటగా అయితే ఆర్‌సీసీ కాంటిలీవర్, వెనక గ్రావెల్, స్ట్రక్చరల్ ఇంజనీరు డిజైన్, అంతకుముందు ఫుటింగ్ కింది నేలకు సాయిల్ టెస్టు. ఇల్లు అంచు నుంచి ఎంత దూరంలో వస్తుందో, సెప్టిక్ ట్యాంకు ఎటు పెడుతున్నారో, పల్లం వైపు నీళ్లు పోవడానికి కాలువ ఉందో లేదో రాయండి, అవి తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను.