వెంటపడేవాడి కథ రాస్తున్న అబ్బాయికి

సాలిగ్రామం, చెన్నై

బాబూ,

నీ కథ అందింది. పెరుంగుడిలో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రుళ్లు కూర్చుని తెలుగులో ఇన్ని పేజీలు రాశావంటే సంతోషంగా ఉంది. ఎనిమిది పేజీలు ఆపకుండా చదివాను. తొమ్మిదో పేజీలో అనుమానితుల వెంట వాళ్లకి కనపడకుండా వెళ్లే పని నేర్చుకుంటున్న నీ పోలీసు ట్రైనీ సైదాపేట సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు దాటేసి, హారన్ కొట్టుకుంటూ, తన నల్ల స్కార్పియోని కత్తిపారా దాకా ఉరికించాడు చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. సాయంత్రం మళ్లీ తీశాను గానీ కోపం తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ కథలో ట్రైనీ ఒకసారి తను వెంబడిస్తున్న కారుని పోగొట్టుకుంటాడు. వాళ్ల ఇన్‌స్పెక్టర్ అందరి ముందూ చెడామడా తిడతాడు. ఆ అవమానం మనసులో పెట్టుకుని కుర్రాడు రెండోసారి ప్రాణాలకు తెగించి వెంటపడతాడు, గెలుస్తాడు. బాబూ, ఇది తలకిందులు. ఈ పని నేర్పేవాళ్లు మొట్టమొదట నూరిపోసేదే, వెంబడిస్తున్న మనిషికి కనపడిపోవడం కంటే వాణ్ణి పోగొట్టుకోవడం నయం అని. పోగొట్టుకున్నవాడు రేపు పొద్దున మళ్లీ దొరుకుతాడు. వాడికి ఇల్లుంది, ఆఫీసుంది, కాఫీ తాగే హోటలుంది. కానీ ఒకే మొహాన్ని వాడు రెండు చోట్ల చూశాడంటే నెలల తరబడి చేసిన పని గంగలో కలిసినట్టే. అంతకన్నా ప్రమాదం, వాడు ఏమీ ఎరగనట్టు నటిస్తూ మనవాళ్లని ఊరంతా తిప్పుతాడు. సైదాపేటలో ఎర్ర లైటు పడగానే ఆగిపోయి, వైర్‌లెస్‌లో "పోయింది" అని ఒక్క మాట చెప్పిన కుర్రాడికి అసలు ఇన్‌స్పెక్టర్ భుజం తడతాడు. నీ కథ అక్కడుంది. చేతికి అందేంత దూరంలో ఉన్నదాన్ని వదిలేయడానికి కావాల్సిన గుండె ధైర్యం గురించి రాయి. ఉరికే ధైర్యం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇదంతా నేను ఊహించి చెప్పడం లేదు. మేం కోడంబాకంలో అద్దెకున్న రోజుల్లో కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. పోలీసుల నిఘా విభాగం స్పెషల్ బ్రాంచిలో చేసి, కొత్తవాళ్లకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కేసుల సంగతి ఒక్క ముక్క బయటపెట్టేవారు కాదు. పని ఎలా నేర్పుతారో మాత్రం వాళ్లావిడ పోసిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పేవారు. మొదటి వారాల్లో ఎవరి వెంటా పంపరట. ఊరు తిప్పుతారు. ఏ వీధి ఎక్కడ ముగుస్తుంది, ఏది వన్‌వే, ఏ సందు చివర గోడ ఉంది, ఇవన్నీ కళ్లు మూసుకుని చెప్పాలి. తర్వాత నేర్పేవాళ్లలోనే ఒకరు దొంగ వేషం కడతారు, పిల్లలు ఆయన్ని ఫాలో అవ్వాలి. రెండు మూడు కార్లు, ఒక బైకు. ట్రాఫిక్‌లో బైకు లేకపోతే పని జరగదు.

ఆయన చెప్పినవాటిలో ఒకటి నీకు పనికొస్తుంది. ముందు కారు వెంకటనారాయణ రోడ్డులో దేవస్థానం గుడి దాటి హఠాత్తుగా పక్క సందులోకి తిరిగిందనుకో. దాని వెనకున్న మన కారు ఆ సందులోకి తిరగకూడదు. నేరుగా వెళ్లిపోవాలి, అటు చూడను కూడా చూడకూడదు. వెళుతూ వెళుతూ "ఎడమ సందు, నేను నేరుగా" అని చెబితే, రెండో కారు నింపాదిగా తిరుగుతుంది. ఈలోగా మొదటిది చుట్టు తిరిగి పక్క వీధిలో కాచుకుంటుంది. ఎదురుగా కళ్లముందున్న మనిషిని ఇంకొకడికి అప్పగించి తాను వెళ్లిపోవడం కుర్రాళ్లకి చాలా కష్టంగా ఉండేదట. స్టీరింగ్ దానంతట అదే తిరిగిపోతుందని కొందరు ఏడ్చినంత పని చేసేవాళ్లట. నువ్వు ఇరవై పేజీలు రాశావు, స్టీరింగ్ మీద ఆ చెయ్యి ఒక్కచోటా కనపడలేదు.

ఇంకోటి. కారులో కాపు కాసేవాడు డ్రైవర్ సీట్లో కూర్చోడు. పక్క సీట్లోనో వెనకో కూర్చుంటాడు. చూసేవాళ్లు డ్రైవరు ఏదో పని మీద వెళ్లాడు, ఈయన వాడి కోసం చూస్తున్నాడు అనుకుంటారు. ఇంజన్ ఆపాలి కాబట్టి ఏసీ ఉండదు. మే నెల మద్రాసు ఎండలో అద్దం ఒక వేలెడు దించుకుని ఆరేడు గంటలు. తలుపు తీస్తే లోపలి లైటు వెలగకుండా ముందే పీకేస్తారు. ఎవరైనా వచ్చి "ఎవరు కావాలండీ" అని అడిగితే తడుముకోకుండా చెప్పడానికి ఒక కారణం సిద్ధంగా ఉండాలి. నీ ట్రైనీకి చెమట పట్టలేదు, ఒంటికి వెళ్లాల్సిన అవసరం రాలేదు. సినిమా హీరోలా కూలింగ్ గ్లాసులు మాత్రం ఉన్నాయి.

నల్ల స్కార్పియో అయితే అసలే వద్దు. వీధిలో పిల్లలు కూడా తిరిగి చూసే బండి అది. మాస్కోలో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ వాళ్లు మామూలు బళ్లే వాడేవారు. అయినా వాళ్ల గరాజ్‌లో కడిగే బ్రష్షు అందని చోట బండి ముందు భాగంలో త్రికోణం ఆకారంలో మురికి మిగిలిపోయేది. అవతలివాళ్లు దాన్ని చూసి పట్టేసేవారు. అదే మాస్కోలో 1982 డిసెంబరులో, అమెరికాకి రహస్యాలు అందిస్తున్న టోల్కచెవ్ అనే సోవియట్ ఇంజనీరుని కలవడానికి వెళుతున్న అమెరికన్ ఆఫీసరు ఒక మలుపులో కారు దిగిపోయాడు. అతని సీట్లో, కేకు పెట్టెలా కనిపించేదాంట్లోంచి మనిషి ఆకారపు బొమ్మ లేచి నిలబడింది. వెనక వస్తున్న కారు మలుపు తిరిగేసరికి ముందు కారులో తలల లెక్క సరిపోయింది. వెంటపడేవాడు మోసపోవడానికి వేగం అక్కర్లేదు, ఒక్క మలుపు చాలు.

నీ కుర్రాడు పద్నాలుగో పేజీలో కారు కింద జీపీఎస్ అంటించాడు. అది తీసెయ్. అమెరికాలో అలా అంటించడం కూడా సోదా కిందికే వస్తుందని 2012లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొడవ నీకు వద్దనుకున్నా సరే, అది అంటించాక మనిషి చెయ్యాల్సిన పనేముంది?

ఈ ఛేజింగులు నీకు ఎక్కడ అంటుకున్నాయో నాకు తెలుసు. ఒకప్పుడు మౌంట్‌రోడ్డు దగ్గర ఒక వారపత్రిక ఆఫీసుకి నా సీరియల్ పట్టుకెళ్లాను. ఎడిటర్‌గారు మొదట "ఆడవాళ్లు సంసారపక్షంగా ఏదైనా రాయండమ్మా" అన్నారు. నేను కదలకపోయేసరికి తీసుకున్నారు. తీసుకుని, నా మఫ్టీ కానిస్టేబుల్ రాత్రంతా పానగల్ పార్కు గేటు ముందు కూర్చున్న భాగం మొత్తం కోసేసి, అక్కడ రెండు తుపాకీ గుళ్లు పేల్చారు. నన్ను అడగలేదు. వారం వారం ఛేజ్ ఉండాలి, ప్రతి భాగం చివర టెన్షన్ ఉండాలి. ఆ లెక్కలో పడి ఎంతమంది మంచి రచయితలు పాడైపోయారో! ఇప్పుడు వెబ్ సిరీస్ వాళ్లు అదే పాట పాడుతున్నారు. వాళ్ల కోసం రాయకు.

నీ కథలో నన్ను కదిలించింది పన్నెండో పేజీ. ట్రైనీ వెంటపడుతున్న మనిషి కారు ఆపి ఇడ్లీ పిండి ప్యాకెట్, రెండు మూరల మల్లెపూలు కొనుక్కుంటాడు. చిల్లర లేక పూలమ్మితో రేపు ఇస్తానంటాడు. నాలుగు వాక్యాలు. అక్కడ ట్రైనీకి గుండె జారుతుంది, ఎందుకో వాడికి తెలియదు. నాకు తెలిసింది.

కోకా సుబ్బారావుగారి పేరు విన్నావా? రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో లా చదివి, ఇక్కడి హైకోర్టులోనే జడ్జి అయినవారు. 1962లో ఆయన సుప్రీంకోర్టులో ఉండగా ఖరక్ సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి అతను. అయినా పోలీసులు అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు, ఎక్కడికెళ్లినా కనిపెట్టి ఉండేవారు. రాత్రి తలుపు కొట్టడం తప్పని ఎక్కువమంది జడ్జీలు కొట్టేశారు, వెంట ఉండి చూడటం మాత్రం ఉండనిచ్చారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. వెనక నీడలా పోలీసు ఉన్నవాడు కాళ్లతో నడుస్తాడేమో గానీ అది మరమనిషి నడకే అన్నారు. జస్టిస్ షా ఒక్కరే ఆయనతో కలిశారు. 2017లో, బెంగళూరుకి చెందిన రిటైర్డ్ జడ్జి పుట్టస్వామిగారు వేసిన కేసులో తొమ్మిదిమంది జడ్జీలు సుబ్బారావుగారి మాటే సరైనదన్నారు. మన భాషవాడు, ఈ ఊళ్లో చదువుకున్నవాడు, అంతమంది మధ్య నిలబడి ఆ మాట అన్నాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నీ పూలు కొన్న మనిషి ఆ మాటకి రక్తమాంసాలు. అతను నేరస్థుడో కాదో నువ్వు చివరిదాకా చెప్పకపోయినా ఫర్వాలేదు.

కాబట్టి కత్తిపారా మొత్తం తీసెయ్. సైదాపేటలో ఎర్ర లైటు పడనీ, కుర్రాణ్ణి ఆగనీ. పూల దుకాణం దగ్గర్నుంచి సిగ్నల్ దాకా వాడు వైర్‌లెస్‌లో ఏం చెబుతున్నాడో అది మాత్రమే రాయి. కుడి ఇండికేటర్, ముందు బస్సు, బ్రేకు, రెండో లేను. చూసినదే, ఒక్క విశేషణం లేకుండా. మల్లెపూల సంగతి వైర్‌లెస్‌లో చెప్పాడా, దాచుకున్నాడా అన్నది నువ్వు తేల్చుకో. నాకైతే దాచుకున్నాడనే అనిపిస్తోంది.

తిరగరాశాక పోస్టులో పంపు, ఫోన్‌లో చదవడం నా కళ్లకి కష్టం. రెండు పక్కలా మార్జిన్ వదులు.

ఆశీస్సులతో,
అమ్మ వయసు రచయిత్రి