ఎకో ఒకసారి చేశాక గొంతులోంచి మళ్ళీ ఎందుకు?

"మా అమ్మకు మిట్రల్ వాల్వు సన్నబడిందని ఎకోలో తేలింది. బెలూన్ వేసేముందు గొంతులోంచి ఇంకో ఎకో చేయాలంటున్నారు. ఇది డబ్బు గుంజడానికేనా?" అని అడిగారు. కాదండీ, చేయించండి. ఎకో అంటే శబ్ద తరంగాలతో గుండెను తెర మీద చూసే పరీక్ష. మిట్రల్ వాల్వు అంటే గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య ఉండే తలుపు. అది సన్నబడితే లోపలికి బుడగ పంపి ఉబ్బించి తెరవడమే బెలూన్. మా చెల్లెలి సంగతి చెప్తాను, వినండి.

మాది పత్తికొండ దగ్గర పల్లె. చెల్లెలికి రెండో కాన్పయ్యాక కూడా ఆయాసం తగ్గలేదు. రెండు బిందెలు నీళ్ళు మోస్తే గడప మీదే కూలబడేది. రక్తం తక్కువని ఏడాదిపాటు ఐరన్ మాత్రలు మింగించారు. ఆఖరికి ఒకచోట ఎకో తీయించాం. ఐదు నిమిషాల్లో ముగించారు. పరదా లేదు, పక్కన ఆడమనిషి లేదు. ఆ పిల్ల సిగ్గుతో బిగుసుకుపోయింది. ఛాతీ మీద చేసే పరీక్షకు ఒక గుడ్డ అడ్డం కట్టడం కూడా చేతకాదా అని నాకు ఇప్పటికీ కోపమే.

రిపోర్టులో రెండే వరుసలు: మిట్రల్ వాల్వు బాగా సన్నబడింది, ఈఎఫ్ 60 శాతం. "గుండె అరవై శాతమే పనిచేస్తాందంటనే" అని మా అమ్మ బస్సులో ఒకటే ఏడుపు. ఈఎఫ్ అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ కిందిగదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో చెప్పే అంకె. 60 అంటే మామూలే. ఈ జబ్బులో వాల్వు బాగా మూసుకుపోయినా చాలామందికి ఆ అంకె చెడదు. దాన్ని చూసి ఏడ్చినా తప్పే, ధైర్యం తెచ్చుకున్నా తప్పే. ఆ కాగితం పట్టుకునే, ఛాతీ కోసి వాల్వు మార్చాల్సిందే అని చెప్పేశారు.

కర్నూలులో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయాం. "మళ్ళీ నేనే చూస్తా" అన్నారు. చెల్లెల్ని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జెల్ పూసి, పక్కటెముకల సందున ప్రోబు ఆనించి అరగంట చూశారు. నన్ను తెర దగ్గరికి పిలిచారు. "చూడప్పా, వాల్వును అడ్డంగా కోసి చూసినట్టు ఇది. చేప నోరు మాదిరి లేదూ?" నిజంగా చేప నోరే. రెండు రెక్కలూ మూలల్లో అతుక్కుపోయి, మధ్యలో సన్న సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. యంత్రం మీది బంతి తిప్పుతూ ఆ సందు చుట్టూ చుక్కల గీత గీశారు. 0.9 చదరపు సెంటీమీటర్లు. ఉండాల్సింది 4 నుంచి 6.

అక్కడితో ఆగలేదు ఆమె. రెక్కలు ఎంత కదులుతున్నాయి, ఎంత మందమయ్యాయి, సున్నం ఎంత పట్టింది, కింద పట్టి ఉంచే తంతువులు ఎంత గట్టిపడ్డాయి అని నాలుగింటికీ 1 నుంచి 4 దాకా మార్కులు వేశారు. మొత్తం 7. 8 దాటకపోతే బెలూన్‌కు అనువైన వాల్వే అన్నారు. లీకు కూడా పెద్దగా లేదు. కోత లేకుండా తొడ దగ్గరి రక్తనాళంలోంచి పోయి అతుకులు విడదీయొచ్చు. మనిషి అదే, వాల్వు అదే. అందుకే గట్టిగా చెప్తాను, రెక్కల తీరు రాయని రిపోర్టు సగం రిపోర్టే. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనేవాళ్ళు మొదటిసారి గుండెకు ఎకో తీశారు. ఆపరేషన్‌కు ముందు మిట్రల్ వాల్వు పరిస్థితి తెలుసుకోవాలనే ఎడ్లర్ ఆ దారి పట్టింది. మొదట్నుంచీ దీనికోసమే ఉన్న పరీక్షను ఐదు నిమిషాల్లో ముగిస్తే ఎట్లా?

చిన్నప్పుడు చెల్లెలికి గొంతునొప్పి, ఆ వెనకే మోకాళ్ళ వాపు వచ్చేవి. కీళ్ళ జ్వరమని మూడు వారాలకొక పెన్సిలిన్ సూది రాస్తే, రియాక్షన్ వస్తుందని భయపడి ఊళ్ళో ఎవరూ వేయలేదు. మేమూ వదిలేశాం. ఆ జ్వరమే వాల్వును ఇట్లా అతుక్కుపోయేట్టు చేసింది. మీ ఇంట్లో పిల్లలకు ఆ సూది రాస్తే మానొద్దు.

ఇక మీరడిగిన గొంతు ఎకో. అన్నవాహిక గుండె పైగదికి సరిగ్గా వెనకే ఉంటుంది. రక్తం నిలిచి ఆ గది మూలలో గడ్డ కట్టి ఉంటే ఛాతీ మీంచి చాలాసార్లు కనబడదు, అక్కణ్ణించి కనబడుతుంది. గడ్డ ఉండగా బెలూన్ తోస్తే అది ఊడి మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. మా చెల్లెలికి గడ్డ లేదు. బెలూన్ వేశాక సందు 1.8 అయింది.

మీ అమ్మగారిని ఖాళీ కడుపుతో తీసుకుపోండి. కట్టుడు పళ్ళుంటే తీసేయండి. స్ప్రేతో గొంతు మొద్దుబారి ఉంటుంది కాబట్టి, డాక్టరు చెప్పేదాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగించొద్దు. మా చెల్లెలు బయటికి రాగానే టీ అడిగింది, నేను ఇవ్వలేదు.